ఒకే పంక్తి, ఐదు నోళ్ళు: మా గంగమ్మ సంగీత నాటకం మీద ఒక కేస్ స్టడీ

తిరుపతి గంగమ్మ కథను మా బృందం సంగీత నాటకంగా వేసినప్పుడు పాటలు రాసిందీ, వరసలు కట్టిందీ నేనే. రెండు గంటల నాటకం. పాటలు చాలానే ఉన్నాయి. కానీ చూసినవాళ్ళు బయటికొచ్చి ఎక్కువగా మాట్లాడింది ఒక్క పంక్తి గురించి: "పొద్దు గూకింది, ఇంటికి రా." అందులో కవిత్వమేమీ లేదు. మన వైపు ఏ వీధిలోనైనా సాయంత్రం పూట వినబడే మాటే. నాటకంలో ఆ మాట ఐదుసార్లు వస్తుంది. ఆరోసారి రావాల్సిన చోట రాదు. మాటలు మార్చకుండానే దాని అర్థం ప్రతిసారీ ఎలా మారింది, అందుకోసం మేము ఏమేం తేల్చుకున్నాం, ఏం వదిలేశాం అన్నది వివరంగా రాస్తున్నాను. నాటకాలకు పాటలు రాసేవాళ్ళకు పనికొస్తుందని నా నమ్మకం.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తిరుపతి ప్రాంతాన్ని ఏలిన పాలెగాడొకడు ఆడపిల్లల్ని చెరిచేవాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ వాడి మీద తిరగబడింది. వాడు భయపడి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె వేషం మీద వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి వేషాలు అయ్యాక దొర వేషంలో వెళ్తే వాడు బయటికొచ్చాడు. తల తీసేసింది. ఆ తర్వాత మాతంగి వేషంలో వెళ్ళి వాడి భార్యను ఓదార్చింది. ఏటా మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో కైకాల కుటుంబం వాళ్ళు ఇదే వరసలో వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టుకుని గుడికి వస్తారు.

కాబట్టి మా ఊరివాళ్ళకు ఈ కథ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఎవరు చస్తారో, ఎప్పుడు చస్తారో అందరికీ తెలుసు. తర్వాత ఏమవుతుందన్న ఆత్రం మనకు సాయం రానప్పుడు మనిషిని రెండు గంటలు కూర్చోబెట్టేది ఏమిటి? తెలిసిన కథలోనే తమకు తెలియనిది ఏదో కళ్ళ ముందు పెరుగుతోందన్న భావన కలగాలి. ఆ పెరిగేది ఒక పాట ముక్క కావచ్చని నాకు అనిపించింది.

జాతరకు ముందు ఊళ్ళో చాటింపు వేస్తారు. చాటింపు అయ్యాక ఊరివాళ్ళు పొలిమేర దాటి వెళ్ళి బయట రాత్రి నిద్ర చేయకూడదని కట్టుబాటు. రాత్రికి ఇల్లు చేరాలన్న ఈ నియమం దగ్గరే నా ఆలోచన మొదలైంది. కథలో ఆడపిల్లలు పొద్దు గూకేలోపు ఇల్లు చేరేది భయంతో. జాతరలో ఊరంతా ఇల్లు చేరేది భక్తితో. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో చెప్పడమే నాటకం అనుకున్నాను. ముందు చాటింపు తీరులోనే "ఊరు దాటొద్దు, పొలిమేర దాటొద్దు" అని ఒక పల్లవి రాశాను. వినడానికి గంభీరంగా ఉంది, డప్పు మీద బాగా పలికింది కూడా. అయినా పక్కన పెట్టాను. ఆ మాట చాటింపు వేసేవాడు తప్ప ఇంకెవరూ అనలేరు. నాకు కావల్సింది ఎవరి నోట్లోనైనా ఒదిగే మాట. తల్లి బిడ్డతో, భార్య భర్తతో, దుర్మార్గుడు ఆడపిల్లతో, అందరూ అనగలిగేది. అందుకే "రావే" అనలేదు, "రామ్మా" అనలేదు. ఒట్టి "రా" చాలు.

ఇక్కడ మన సాహిత్య అలవాటు ఒకటి అడ్డొస్తుంది. చెప్పిందే చెప్పడం పునరుక్తి దోషమని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాం. అందుకని మన నాటకాల్లో పాట మళ్ళీ వచ్చినప్పుడు కవిగారు చేయి ఊరుకోక మాటలు మారుస్తారు. "పొద్దు గూకింది" కాస్తా రెండోసారి "చీకటి కమ్మింది" అవుతుంది, మూడోసారి "కాళరాత్రి" అవుతుంది. మా బృందంలోనూ ఈ సూచన గట్టిగానే వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మాట మారితే వినేవాడికి కవి కనబడతాడు. మాట మారకపోతే, మారింది తన మనసేనని వినేవాడికి తెలుస్తుంది. మన కీర్తనకారులకు ఈ సంగతి బాగా తెలుసు. అన్నమయ్య "బ్రహ్మ కడిగిన పాదము" పల్లవిని ప్రతి చరణం తర్వాతా అవే మాటలతో పాడతాం. మొదటి చరణంలో బలి తల మీద మోపిన పాదం, చివరి చరణానికి వచ్చేసరికి మన తిరువేంకటగిరి మీద ఉంటుంది. పల్లవిలో అక్షరం కదలదు. పాదం మాత్రం మన ఊరికి వచ్చేసింది. రంగస్థలం మీద చేయాల్సిందీ ఇదే. చరణాల బదులు సన్నివేశాలుంటాయి, అంతే తేడా.

వరస సంగతికి వస్తాను. ఈ పంక్తిలో మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) లెక్కేస్తే 14. పొద్దు మూడు, గూకిం నాలుగు, ది ఇం మూడు, టికి రా నాలుగు. తకిట తకధిమి, తకిట తకధిమి. మూడూ నాలుగుగా నడిచే ఏడు మాత్రల తాళం, మిశ్రచాపుకు సరిగ్గా సరిపోయింది. ఆనందభైరవి రాగం ఛాయలో నాలుగైదు స్వరాలు దాటకుండా కట్టాను. సంగీతం నేర్చుకోని పిల్లలు కూడా ఒకసారి వింటే అనేయాలి. పాడటానికి గొంతు కావాల్సిన వరసైతే అది పాటగాడి సొత్తయిపోతుంది, ఊరి మాట కాకుండా పోతుంది.

మొదటిసారి అది వచ్చేది నాటకం మొదలైన పది నిమిషాలకు. వీధిలో ఆడపిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటారు. ఒక తల్లి అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ ఉంటుంది. ఆట పాట మధ్యలో తలెత్తకుండా ఒక్కసారి పాడుతుంది. దాక్కున్న పిల్ల తల బయట పెట్టి "ఇంకొంచెం సేపమ్మా" అంటుంది. ఆట సాగిపోతుంది. లైటింగ్ మారదు, హార్మోనియం ఆగదు. తల్లి వేషం వేసినామె మంచి గాయని. ఆ పంక్తిని భావంతో, ఒక గమకంతో పాడాలని ఆమెకు ఉంది. నేను మాత్రం, "అక్కా, నీ చూపు బియ్యంలో రాళ్ళ మీద ఉండాలి, జనం మీద కాదు" అని పదే పదే చెప్పాల్సి వచ్చింది. మొదటిసారే బరువుగా పాడితే జనం ఆ పంక్తిని గుర్తు పెట్టుకుంటారు. "ఇది మళ్ళీ వస్తుంది" అని కాచుకుని కూర్చుంటారు. అప్పుడు మళ్ళీ వచ్చినా ఆశ్చర్యం లేదు. మొదటిసారి అది వాళ్ళ చెవిలో పడాలి, కానీ పడిందని వాళ్ళకు తెలియకూడదు. ఈ కేసులో నేను అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టింది ఈ మామూలుతనం కోసమే.

రెండోసారి, పెళ్ళికూతురొకతెను పాలెగాడి మనుషులు ఎత్తుకుపోయిన మర్నాడు. వీధిలో ఒక్కో గడప నుంచి ఒక్కో తల్లి పిలుస్తుంది. ఒకరి గొంతు పూర్తికాకముందే ఇంకొకరిది మొదలవుతుంది. తలుపు పడ్డప్పుడల్లా పలక (డప్పు) మీద ఒక దెబ్బ. గొంతులు కలిసిపోయి మాటలు సరిగా వినబడవు. వినబడాల్సిన పని కూడా లేదు. ఇది సులభమైన సన్నివేశం. మొదటిది సరిగా కుదిరితే దీనికి వేరే తంటాలేమీ ఉండవు.

మూడోసారే అసలు మలుపు. చీకట్లో ఒక పిల్ల నీళ్ళ బిందెతో ఒంటరిగా వస్తుంటుంది. పాలెగాడి మనుషులు నలుగురు అడ్డంగా నిలబడి, నవ్వుతూ, అదే వరసలో పాడతారు. "పొద్దు గూకింది, ఇంటికి రా." ఇక్కడ స్వరాలు మార్చలేదు, తాళం మార్చాను. మిశ్రం తీసి చతురశ్రం, అంటే నాలుగేసి మాత్రల నడక పెట్టాను. 14 మాత్రలను 16 చేయాలంటే రెండు మాత్రలు ఎక్కడో సాగదీయాలి. ఆ రెండూ "రా" మీద పడ్డాయి. అక్కడితో ఆగలేదు. తల్లి పాడినప్పుడు దెబ్బ "పొద్దు" మీద, "గూకింది" మీద పడేది. "ఇంటికి రా" తేలిగ్గా జారిపోయేది. చతురశ్రంలో లెక్క కడితే దెబ్బ సరిగ్గా "ఇంటికి" మొదటి అక్షరం మీద, ఆపైన "రా" మీద పడుతుంది. తల్లి మాటలో పొద్దు గురించి ఆందోళన ముఖ్యం, వీళ్ళ మాటలో రమ్మనడమే ముఖ్యం. ఇది నేను ముందే పథకం వేసి చేసింది కాదు, తాళం మార్చి పాడి చూస్తే మాటల్లోనే ఉందని తెలిసింది. మాత్రాఛందస్సు మన భాషకు ఇచ్చిన బలం ఇలాంటి చోట కనిపిస్తుంది. పాటలు రాసేవాళ్ళు ఒకే పంక్తిని రెండు మూడు తాళాల్లో పెట్టి చదువుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

ఈ సన్నివేశానికి ముందు రాసుకున్న ఒక బెదిరింపు పాట ఉంది. దాన్ని తీసేశాను. బెదిరింపు మాటలు రాస్తే వాళ్ళు చెడ్డవాళ్ళని మాత్రమే తెలుస్తుంది, అది జనానికి ముందే తెలుసు. తల్లి మాటే వాళ్ళ నోట్లో వింటే ఆ ఊళ్ళో ఇక ఏ మాటకూ రక్షణ లేదని తెలుస్తుంది. హాల్లో ఆడవాళ్ళు ఈ చోట బిగుసుకుపోవడం ప్రతి ప్రదర్శనలోనూ చూశాను. ఆ తర్వాతి సన్నివేశంలో తల్లి గడపలోకి వస్తుంది, పిలవదు. వీధిలోకి వెళ్ళి బిడ్డ చేయి పట్టుకుని లాక్కొస్తుంది. ఆ మాటను ఆమె నుంచి లాగేసుకున్నారు. దీన్ని డైలాగుతో చెప్పలేదు. చెప్పకపోయినా చాలామందికి అందింది.

మూడోదానికీ నాలుగోదానికీ మధ్య నలభై నిమిషాల దాకా ఎడం ఉంటుంది. పాలెగాడు పారిపోవడం, గంగమ్మ బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అన్నీ ఇక్కడే. నవ్వులు, తిట్లు, పంబ డోలు మోత. వాద్యబృందంలోని వాళ్ళు ఈ భాగంలో సన్నివేశాల మధ్య ఆ వరసను హార్మోనియం మీద వినిపిద్దామన్నారు. సినిమా రీరికార్డింగుల వల్ల మనకు ఈ అలవాటు బాగా పట్టింది. నేను వద్దన్నాను. వరస మధ్యలో అక్కడక్కడా కారిపోతుంటే, మాట తిరిగొచ్చేసరికి జనం చెవికి అది పాతబడి ఉంటుంది. మరుగున పడనిస్తేనే తిరిగి రావడానికి విలువ.

నాలుగోసారి దొర వేషంలో గంగమ్మ పాడుతుంది. పాలెగాడు దాక్కున్న చోటు బయట నిలబడి, వాడి మనుషులు పాడినట్టే 16 మాత్రల్లో, "రా" సాగదీసి పిలుస్తుంది. తన వాళ్ళే వచ్చారనుకుని వాడు బయటికొస్తాడు. ఆమె మొదటి రెండు మాటలు అనగానే హాల్లో ఈలలు మొదలవుతాయి. ఇక్కడ జనం పాలెగాడి కన్నా ముందున్నారు. వాడికి ఆ పిలుపు గురించి తెలియనిది వీళ్ళకు తెలుసు. పంక్తి తిరిగి రావడంలో ఉన్న గొప్ప లాభం ఇదే, పాత్రకు చెప్పని రహస్యాన్ని ప్రేక్షకుడి చేతిలో పెడుతుంది. గంగమ్మ దుర్మార్గుల తాళాన్నే ఎందుకు ఎత్తుకోవాలి, తల్లి తాళంలోనే పిలవొచ్చు కదా అని బృందంలో వాదన నడిచింది. తల్లి తాళానికి వాడు బయటికి రాడు. వాడికి అర్థమయ్యే భాష తన మనుషులది ఒక్కటే. వేషం కట్టడమంటే ఊరికే బట్టలు మార్చడం కాదు, గొంతు కూడా మార్చాలి.

ఐదోది మాతంగి ఘట్టం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ, ఎక్కువ మంది అభ్యంతరం చెప్పిందీ ఇదే. పాలెగాడి భార్య దీపం పెట్టి గడపలో నిలబడుతుంది. తాళం లేకుండా మెల్లగా "పొద్దు గూకింది" అని ఆపేస్తుంది. అంతే. ఆమె నోట ఆ మాట మనం మొదటిసారి వింటున్నాం. అయినా రోజూ అంటూనే ఉండేదని తెలిసిపోతుంది, అందరి ఇళ్ళలోనూ అదే మాట కాబట్టి. కాస్త ఆగి, మిగిలిన 6 మాత్రలను పంబ మీద ఒంటిగా వాయిస్తారు. మాటలు లేవు. మాతంగి వచ్చి ఆమె పక్కన కూర్చుంటుంది.

మాతంగి ఆ పంక్తిని పూర్తి చేస్తే బాగుంటుందని చాలామంది అన్నారు. అమ్మవారు "ఇంటికి రా" అని ఆ విధవరాలిని తనలో కలుపుకున్నట్టు ఉంటుందని. వినసొంపుగానే ఉంటుంది కానీ అబద్ధం. ఇంటికి రావాల్సినవాడు రాడు. ఆ ఖాళీని ఎవరూ పూడ్చకూడదు. ఇంకో అభ్యంతరం ప్రదర్శన అయ్యాక ఒక పెద్దావిడ నుంచి వచ్చింది. "వాని పెండ్లాం మింద మాకెందుకు నాయనా జాలి?" అని నిలదీసింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ జాలి నేను తెచ్చిపెట్టింది కాదు. ఏటా జాతరలో దొర వేషం తర్వాత మాతంగి వేషం వస్తూనే ఉంది. ఈ కథ చెప్పుకున్న మన పెద్దలు చంపడంతో ఆపలేదు. వాడి ఇంట్లో దీపం దగ్గర ఎవరుంటారో కూడా చూశారు. ఆవిడతో అదే చెప్పాను. ఒప్పుకుందో లేదో గానీ మాతంగి వేషం గురించి తనే చాలాసేపు మాట్లాడింది.

పంక్తిని సగంలో ఆపడం అమెరికన్ రంగస్థలం మీద కూడా చూడొచ్చు. లిన్ మాన్యువెల్ మిరాండా రాసిన హామిల్టన్ 2015లో బ్రాడ్వేకి వచ్చింది. అందులో "చుట్టూ చూడు, ఇప్పుడు బతికి ఉండటం మన అదృష్టం" అన్న అర్థం వచ్చే పంక్తిని ముందు అక్కచెల్లెళ్ళు న్యూయార్క్ వీధుల్లో హుషారుగా పాడతారు. కొంతసేపటికి కడుపుతో ఉన్న ఎలైజా అదే మాట భర్తకు బతిమాలుతున్నట్టు చెప్తుంది. రెండో అంకంలో కొడుకు చనిపోయాక వచ్చే పాటలో "చుట్టూ చూడు" అన్నంత వరకే వినబడుతుంది, అదృష్టం ఊసు ఉండదు. వినేవాడు ఆ మిగతా సగాన్ని తనే తెచ్చుకుంటాడు. ఇంత దూరంలో, ఇంత వేరే సంగీతంలో కూడా పని జరిగే తీరు ఒకటే. పూర్తి మాట జనం దగ్గర ముందే ఉంటేనే సగం మాటకు బలం వస్తుంది.

ఆరోది, అంటే రానిది. పాలెగాడు పోయాక ఊళ్ళో జాతర. వీధిలో దీపాల వెలుతురులో పిల్లలు మళ్ళీ దాగుడుమూతలు ఆడుతుంటారు. తల్లి చేటతో అరుగు మీదికి వస్తుంది. పొద్దు ఎప్పుడో గూకింది. ఆమె పిల్లల వైపు చూస్తుంది, ఏమీ అనదు, కూర్చుని బియ్యం చెరుగుతుంది. ఇంతకు ముందు ఒకసారి భయంతో పిలవలేకపోయింది, ఇప్పుడు పిలవాల్సిన పని లేదు. రెండూ మౌనమే. ఆ రెంటికీ తేడా తెలియడానికే అంతకు ముందు ఐదుసార్లు ఆ పంక్తి కావాల్సి వచ్చింది. నిర్మాతలు చివర్లో అందరూ కలిసి ఆ పంక్తిని కోరస్‌గా పాడాలని అడిగారు. చప్పట్లు బాగా పడతాయని వాళ్ళ లెక్క. కోరస్ ఉంది, కానీ అది అమ్మవారి పాట. ఈ పంక్తి మాత్రం అందులో లేదు.

ఇదంతా తిరుపతిలో హాలు లోపల వేసిన ప్రదర్శనల సంగతి. చిత్తూరు దగ్గర ఒక పల్లెలో ఆరుబయట వేసినప్పుడు కొన్ని లెక్కలు మారాయి. ఆ వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరిపించే ఆచారం ఇప్పటికీ ఉంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కడం, చివర్లో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. అక్కడి జనం నాటకాన్ని చూసే పద్ధతి వేరు. మధ్యలో లేస్తారు, టీ తాగి వస్తారు, పిల్లల్ని పడుకోబెట్టి మళ్ళీ కూర్చుంటారు. ఆలస్యంగా వచ్చినవాడు తల్లి పిలుపు వినకుండా నేరుగా పాలెగాడి మనుషుల పిలుపు వింటే వాడికి అది ఒట్టి ఆకతాయి పాట. అందుకని అక్కడ పిల్లల ఆట పాటను బాగా పొడిగించి, జనం సర్దుకున్నాకే తల్లి పిలుపు పెట్టాం. పక్కింటామె చేత అదే మాట ఇంకోసారి అనిపించాం.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. వీధి నాటకంలో ప్రధాన వేషగాడు పాడిన పంక్తిని వెనక వంత పాడేవాళ్ళు మళ్ళీ పాడతారు. ఆ చెవులకు ఒక పంక్తి రెండోసారి రావడం విశేషమే కాదు. కాబట్టి మా నాటకంలో మిగతా పాటలన్నిటికీ వంత ఉంచి, ఈ ఒక్క పంక్తికి వంత తీసేశాం. అన్ని పంక్తులూ రెండేసిసార్లు వినబడుతుంటే ఇదొక్కటే ఒంటరిగా వినబడుతుంది. హాలు కన్నా అక్కడే ఇది బాగా పనిచేసింది. పాలెగాడి భార్య ఆపేసిన చోట మాత్రం ఇబ్బంది పడ్డాం. జనరేటర్ శబ్దంలో నిశ్శబ్దం వినబడదు. ఆమె ఆపిన మరుక్షణమే పంబ అందుకునేలా మార్చాం. ఆరుబయట వేసేవాళ్ళు నిశ్శబ్దం మీద ఆధారపడకుండా, దాని స్థానంలో ఏ వాద్యం ఉండాలో ముందే తేల్చుకోవడం మంచిది.

ఇప్పుడు తర్వాతి ప్రదర్శన కోసం రిహార్సల్స్ నడుస్తున్నాయి. మొదటి సన్నివేశంలో పిల్ల అనే "ఇంకొంచెం సేపమ్మా"ను కూడా తిరిగి వచ్చే పంక్తిగా చేయొచ్చా అని చూస్తున్నాం. దొర వేషంలో గంగమ్మ కత్తి ఎత్తినప్పుడు పాలెగాడి చేత ఆ మాట అనిపించమని మా తోటి నటుడొకాయన అంటున్నాడు. అది నాకు నచ్చలేదు. పిల్ల మాట వాడికి ఇస్తే చావు దగ్గర వాడు పిల్లవాడైపోతాడు, అప్పుడు మాతంగి సన్నివేశానికి పని మిగలదు. జాతర సన్నివేశంలో తల్లి పిలవకుండా కూర్చున్నాక, పిల్ల దాక్కున్న చోటి నుంచి తనంతట తానే ఆ మాట అంటే ఎలా ఉంటుందో రేపటి నుంచి పాడించి చూస్తాం. తల్లి వేషం వేసే ఆమెకు అది అప్పుడే నచ్చేసింది. నేను మాత్రం మిశ్రంలో ఆ మాట ఎక్కడ పడుతుందో విన్నాకే ఒప్పుకుంటానని చెప్పాను.